యంత్రానికి తెలియని పిండి

సాధారణంగా ఈ పుటల్లో మేము పిల్లల చదువు గురించో, ఇరుగుపొరుగు హక్కుల గురించో రాస్తూ ఉంటాము. ఈసారి రొట్టె గురించి, అందునా మన తెలుగు నేలపై పండించని ధాన్యంతో బ్రెడ్ మెషిన్‌లో చేసే రొట్టె గురించి రాస్తున్నాము. ముప్ఫై ఏళ్లుగా మదరసాలో పాఠాలు చెబుతున్న మాకు ఆ రొట్టె ఒక పాఠం చెప్పింది. విదేశాల్లో బిడ్డలున్న కుటుంబాలకు అది పనికివస్తుందని ఆశిస్తున్నాము.

మా పెద్దబ్బాయి ఉద్యోగరీత్యా జర్మనీలో ఉంటున్నాడు. ఒక ఏడాది వసంతకాలంలో మేమూ, మా శ్రీమతీ అక్కడికి వెళ్లి మూడు నెలలు ఉన్నాము. కోడలు కూడా ఉద్యోగం చేస్తుంది. ఏడేళ్ల మనవడు పొద్దున్నే బడికి వెళ్తాడు. వాడి డబ్బాలో రోజూ రెండు ముక్కల నల్ల రొట్టె, మధ్యలో చీజ్, పక్కన కాసిన్ని ఆపిల్ ముక్కలు. కర్నూలు జిల్లాలో పుట్టి పెరిగిన మా శ్రీమతికి ఆ డబ్బా చూస్తే ప్రాణం ఉసూరుమనేది. మొదటి వారంలోనే ఒకరోజు ఫజ్ర్ నమాజు కాగానే పరాఠాలు చేసి, ఖీమా పెట్టి డబ్బా నింపింది. సాయంత్రానికి సగం తిరిగి వచ్చింది.

"దాదీ, పరాఠా ఇంట్లో తింటాను. బడికి నాకు నల్ల రొట్టే పెట్టు" అన్నాడు మనవడు.

ఆమె వాడిని ఏమీ అనలేదు. రాత్రి మాత్రం మాతో, "మనం ఈ ఇంటికి చుట్టాల్లా అయిపోయామండీ" అంది. ఆ మాటలోని బాధ మాకు అర్థమైంది. ఎంతో దూరం ప్రయాణించి వచ్చిన దాదీకి మనవడి ఆకలి తీర్చే పని కూడా దొరకలేదు.

మర్నాడు ఆమె కోడలిని అడిగింది: "ఆ నల్ల రొట్టెను ఇంట్లో చేయలేమా?" అలమరలో ఎవరో స్నేహితులు ఇచ్చి వెళ్లిన బ్రెడ్ మెషిన్ ఒకటి మూలన పడి ఉంది. అలా మొదలైంది ఈ కథ.

రై అంటే ఏమిటి?

ఆ నల్ల రొట్టె రై అనే ధాన్యంతో చేస్తారు. చూడటానికి గోధుమకు దగ్గరి బంధువు. గింజ కాస్త సన్నగా, బూడిద, ఆకుపచ్చ కలిసిన రంగులో ఉంటుంది. మొదట ఇది ఎవరూ విత్తిన పంట కాదు. గోధుమ, బార్లీ పొలాల్లో కలుపుమొక్కగా పెరిగేది. వ్యవసాయం చలిప్రదేశాలకు, సారం తక్కువ నేలలకు విస్తరించినకొద్దీ గోధుమ తట్టుకోలేకపోయింది, రై నిలబడింది. చివరకు కలుపుమొక్కే పంట అయింది. ఈ క్రమాన్ని వివరించిన వారిలో రష్యా శాస్త్రవేత్త నికొలాయ్ వావిలోవ్ ప్రముఖుడు.

జర్మనీ, పోలండ్, రష్యా, ఫిన్లాండ్ దేశాల్లో సామాన్యుల రొట్టె శతాబ్దాలుగా ఇదే. వోల్గా నదీతీరాన కజాన్ ప్రాంతపు తాతారు ముస్లింల ఇళ్లలో కూడా తరతరాలుగా రై రొట్టె నిత్యాహారం. మనలో కొందరు అనుకునేటట్టు ఇది పరాయివాళ్ల తిండి మాత్రమే కాదన్నమాట.

జర్మనీలో రొట్టెకు ఎంత గౌరవమంటే, 2014లో ఆ దేశం తన రొట్టె సంస్కృతిని జాతీయ సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చుకుంది. అక్కడ రై రొట్టె అన్న పేరుతో అమ్మాలంటే పిండిలో కనీసం 90 శాతం రై ఉండాలి. రై, గోధుమ కలిపిన రొట్టెలకు వేరే పేర్లున్నాయి. వెస్ట్‌ఫాలియా ప్రాంతపు పంపర్‌నికెల్ అనే రొట్టెనైతే కనీసం 16 గంటలు కాలుస్తారు. దాని నలుపు అలా నెమ్మదిగా, గంటల తరబడి కాలడం వల్ల వచ్చేదే.

కోడలికి అంగడి రొట్టెతో ఒక చిక్కు ఉండేది. ప్రతి పొట్లం వెనుక పదార్థాల జాబితా చదవాలి. కొన్ని రొట్టెల్లో పంది కొవ్వు కలుపుతారు. పిండిని మెత్తబరిచేందుకు వాడే ఇ920 అనేది పక్షుల ఈకల నుండి గానీ, జంతువుల వెంట్రుకల నుండి గానీ, పులియబెట్టే పద్ధతిలో గానీ తయారవుతుంది. ఇ471 మొక్కల నూనె నుండి రావచ్చు, జంతువుల కొవ్వు నుండి రావచ్చు. ఏది దేని నుండి వచ్చిందో పొట్లం మీద రాసి ఉండదు. సంప్రదాయ రై రొట్టెలో పిండి, నీళ్లు, ఉప్పు, పులిసిన పిండి తప్ప మరేమీ అక్కరలేదు. ఇంట్లో చేసుకుంటే ఆ నాలుగూ మన కళ్ల ముందే ఉంటాయి.

మొదటి రొట్టె

మెషిన్‌తో వచ్చిన సూచనల పుస్తకం మా చేతికి వచ్చింది. పుస్తకం దొరికితే మాకు ధైర్యం. కోడలి సాయంతో మూడుసార్లు చదివించుకుని, తూకంతో సహా కాగితం మీద రాసుకున్నాము. 500 గ్రాముల రై పిండి, నీళ్లు, ఉప్పు, పొడి ఈస్ట్. ముడి గోధుమ రొట్టెకు నిర్దేశించిన బటన్ నొక్కాము.

పిండి కలుస్తుండగా మా శ్రీమతి మూత తెరిచి చూసింది. వేలితో ఒక ముద్ద తీసి, రెండు వేళ్ల మధ్య నలిపింది.

"ఏమండీ, ఇది గోధుమపిండి తీరు కాదు. జొన్నపిండి తీరు. ఎంత పిసికినా సాగదు. దీన్ని ఇట్లా తిప్పితే లాభం లేదు" అంది.

"పుస్తకంలో ఉన్నట్టే చేస్తున్నాముగా" అన్నాము మేము. ఆమె ఇక మాట్లాడలేదు.

నాలుగు గంటల తర్వాత మెషిన్ కూత పెట్టింది. రొట్టె పైభాగం గుంటపడి ఉంది. మూలల్లో తడవని పిండి అలాగే నిలిచి ఉంది. కోస్తే కత్తికి బంక అంటుకుంది, లోపలంతా ఉడకని హల్వాలా ఉంది. మనవడు ఒక ముక్క నోట్లో పెట్టుకుని, మర్యాదగా నమిలి, "దాదాజాన్, ఇది రేపు తింటాను" అన్నాడు.

ఆ యంత్రానికి ఉస్తాద్ ఎవరు?

ఆ రాత్రి మా అబ్బాయి ఒక సంగతి చెప్పాడు. వ్యాపార నిర్వహణ చదివేవారికి అది బాగా తెలిసిన కథేనట. జపాన్ ఆచార్యుడు ఇకుజిరో నొనాకా దానిని తన రచనల్లో ప్రసిద్ధం చేశాడు.

1985లో ఒసాకాలోని మత్సుషితా సంస్థ ఇంటి బ్రెడ్ మెషిన్ తయారుచేసే ప్రయత్నంలో ఉంది. ఎంత ప్రయత్నించినా పైన మాడేది, లోపల పచ్చిగా ఉండేది. చేతితో పిసికిన పిండిని, మెషిన్ పిసికిన పిండిని ఎక్స్‌రే తీసి పోల్చి చూశారు. అయినా లోపం దొరకలేదు. అప్పుడు ఇకుకో తనకా అనే ఉద్యోగిని ఒక సలహా చెప్పింది. ఆ నగరంలో మంచి రొట్టెకు పేరుపొందిన ఒసాకా ఇంటర్నేషనల్ హోటల్‌కు వెళ్లి, అక్కడి ప్రధాన రొట్టెగాడి దగ్గర శిష్యరికం చేసింది. పిండిని పిసికేటప్పుడు అతడు ఒక ప్రత్యేకమైన తీరులో సాగదీస్తున్నాడని గమనించింది. అతడు ఆ సంగతి ఏ పుస్తకంలోనూ రాయలేదు. పక్కన నిలబడి చూసిన కళ్లకే అది దొరికింది. ఆ తర్వాత ఇంజనీర్లతో కలిసి ఏడాదిపాటు శ్రమించి, మెషిన్ గిన్నె లోపల ప్రత్యేకమైన పట్టీలు అమర్చి ఆ సాగదీతను యంత్రానికి నేర్పారు.

ఈ కథ విన్నాక మాకు రెండు విషయాలు బోధపడ్డాయి. మొదటిది, యంత్రం కూడా ఒక ఉస్తాద్ దగ్గర చదువుకున్నదే. రెండవది, ఆ ఉస్తాద్ నేర్పింది సాగే పిండి విద్య. గోధుమలో గ్లూటెన్ అనే జిగురు పదార్థం పిసికినకొద్దీ వలలా అల్లుకుంటుంది. ఆ వలలో గాలి నిలిచి రొట్టె పొంగుతుంది. రైలో గ్లూటెన్ ఉన్నా, అలా వల అల్లుకోదు. రై పిండిని నిలబెట్టేది నీటిని బాగా పీల్చుకుని జిగటగా మారే పీచు పదార్థం. గోధుమ విద్య నేర్చిన మెషిన్ రైను పదేపదే తిప్పి, పొంగిన దానిని మళ్లీ అణచి, అందులో ఉన్న కాస్త గాలిని కూడా తీసేస్తుంది.

మా శ్రీమతి ఈ మాటలేవీ వాడలేదు. కానీ చిన్ననాటి నుండి జొన్నరొట్టె తట్టిన చేతికి ఆ తేడా ఒక్క ముద్దతోనే తెలిసిపోయింది. ఉస్తాద్ మా ఇంట్లోనే ఉండగా మేము పుస్తకం పట్టుకుని కూర్చున్నాము. మర్నాడు ఉదయం ఆమెతో ఆ మాటే చెప్పి, తప్పు ఒప్పుకున్నాము. "సరేలెండి, టీ తాగండి" అని నవ్వింది.

ఖమీర్ వచ్చిన దారి

కొద్దిరోజులకు ఈద్ వచ్చింది. పై అంతస్తులో ఒంటరిగా ఉండే వృద్ధురాలికి మా శ్రీమతి షీర్ ఖుర్మా పంపింది. గిన్నె ఇవ్వడానికి వచ్చిన ఆమెకు కోడలు మా రొట్టె భాగోతం చెప్పింది. ఆమె నవ్వి, పైకి వెళ్లి ఒక గాజు సీసా తెచ్చింది. అందులో పుల్లని వాసనతో, చిన్నచిన్న బుడగలతో రై పిండి ఖమీర్ ఉంది. "ఈస్ట్ రొట్టెను పొంగిస్తుంది. కానీ రైకు పులుపు కూడా కావాలి" అంది.

దానికి కారణం ఉంది. రై పిండిలో పిండిపదార్థాన్ని చక్కెరగా విడగొట్టే ఎంజైములు చురుకుగా ఉంటాయి. రొట్టె కాలుతున్నప్పుడు కూడా అవి పనిచేసి, లోపలి భాగాన్ని బంకగా మారుస్తాయి. పులుపు వాటి వేగాన్ని తగ్గిస్తుంది. మా మొదటి రొట్టె హల్వా కావడానికి ఇదొక ముఖ్య కారణం.

ఇక్కడ కొందరు సోదరీమణులకు ఒక సందేహం రావచ్చు. పులిసిన పిండిలో మత్తుపదార్థం ఉండదా అని. మదరసా విద్యార్థులకు తెలిసిన విషయమే: అరబీలో ఖమ్ర్ అన్నా, ఖమీర్ అన్నా, స్త్రీలు తలపై కప్పుకునే ఖిమార్ అన్నా ధాతువు ఒక్కటే, కప్పడం అని దాని అర్థం. మద్యం బుద్ధిని కప్పేస్తుంది. ఖమీర్ అలాంటిది కాదు, రొట్టెను పొంగించేది మాత్రమే. పులిసేటప్పుడు పుట్టే స్వల్ప ఆల్కహాల్ కాలేటప్పుడు చాలావరకు ఆవిరైపోతుంది. రొట్టె తిని ఎవరూ మత్తెక్కరు. ముస్లిం సమాజాలు తరతరాలుగా ఖమీరీ రొట్టె తింటూనే ఉన్నాయి. ఈ విషయంలో మనసులో శంక పెట్టుకోనవసరం లేదు.

చేసే విధానం

ఆ పెద్దావిడ చెప్పినదీ, మా శ్రీమతి చేతికి తోచినదీ కలిపి, నాలుగైదుసార్లు చేసి చూశాక కుదిరిన పద్ధతి ఇది. మొదటిసారి చేసేవారు పూర్తి రైకు పోకుండా, 60 శాతం రై, 40 శాతం గోధుమతో మొదలుపెట్టడం మంచిది.

ముందురోజు రాత్రి: 150 గ్రాముల రై పిండి, 150 గ్రాముల గోరువెచ్చని నీళ్లు, ఒక పెద్ద చెంచా ఖమీర్ కలిపి, మూతను వదులుగా పెట్టి 12 నుండి 16 గంటలు ఉంచాలి. పొంగి, పుల్లని వాసన రావాలి. అందులో నుండి ఒక పెద్ద చెంచా తీసి సీసాలో దాచుకోవాలి. మళ్లీసారికి అదే ఖమీర్. దీనిని ఫ్రిజ్‌లో ఉంచి వారానికొకసారి కాస్త పిండి, నీళ్లు పోసి పోషించాలి.

ఖమీర్ ఇచ్చేవారు లేకపోతే 50 గ్రాముల రై పిండి, 50 గ్రాముల నీళ్లు కలిపి ఉంచి, రోజూ సగం తీసేసి అంతే కొత్త పిండి, నీళ్లు చేరుస్తూ పోతే సుమారు వారం రోజుల్లో తయారవుతుంది. బూజు పడితే పారేసి మళ్లీ మొదలుపెట్టాలి.

మర్నాడు: మెషిన్ గిన్నెలో పులిసిన పిండి, 190 గ్రాముల నీళ్లు, 150 గ్రాముల రై పిండి, 200 గ్రాముల గోధుమపిండి, 10 గ్రాముల ఉప్పు, అర చెంచా పొడి ఈస్ట్ వేయాలి. పిండి కలిపే ప్రోగ్రాం మాత్రమే పెట్టాలి. పది నిమిషాలు కలిస్తే చాలు. మధ్యలో మూలల్లోని పిండిని గరిటెతో లోపలికి తోయాలి. ముద్ద చపాతీ పిండిలా ఉండదు, తడి బంకమన్నులా ఉంటుంది. అది చూసి కంగారుపడి పొడిపిండి చల్లకూడదు.

పది నిమిషాలు కాగానే మెషిన్ ఆపి, కలిపే రెక్కను తీసేయాలి. తడిచేత్తో పైభాగం నున్నగా సర్ది, మూత వేసి గంట, గంటన్నర వదిలేయాలి. ముద్ద సుమారు సగం మేర పెరిగి, పైన సన్నని పగుళ్లు కనబడాలి. రెండింతలు అయ్యేదాకా ఆగితే కాల్చేటప్పుడు కూలిపోతుంది. ఇక మళ్లీ కలపకుండా, కాల్చడం మాత్రమే ఉన్న ప్రోగ్రాంలో 60 నుండి 70 నిమిషాలు కాల్చాలి. వంటింటి థర్మామీటర్ ఉంటే రొట్టె మధ్యలో 96 డిగ్రీలు దాటాలి. మెషిన్‌లో పైభాగం ఓవెన్‌లో లాగా ముదురురంగు రాదు, అది లోపం కాదు.

కాలగానే గిన్నెలో నుండి తీసి, జాలీ మీద ఆరనిచ్చి, బట్టలో చుట్టి పెట్టాలి. మర్నాటిదాకా కోయకూడదు. అన్నింటికంటే కష్టమైన నియమం ఇదే. వేడి మీద కోస్తే బాగా కాలిన రై రొట్టె కూడా కత్తికి అంటుకుంటుంది. ఒకరోజు ఆగితే లోపలి తేమ సమంగా సర్దుకుంటుంది, రుచి కూడా నిలదొక్కుకుంటుంది. ఆ తర్వాత నాలుగైదు రోజులు పాడుకాదు.

ఇటీవలి కొన్ని మెషిన్లలో రై కోసం వేరే ప్రోగ్రాం, వేరే రెక్క ఇస్తున్నారు. అవి ఉన్నవారికి ఈ శ్రమ తగ్గుతుంది.

విఫలమైన మొదటి రొట్టెను ఏం చేశామని పాఠకులు అడగవచ్చు. నేల మీద రొట్టెముక్క కనబడితే తీసి పక్కన పెట్టే ఇంట్లో పెరిగినవాళ్లం, పారేయడానికి చేతులు రాలేదు. పొడిగా కాలిన భాగాలను సన్నగా కోసి ఓవెన్‌లో ఎండబెట్టి పొడి చేసింది మా శ్రీమతి. జర్మనీ రొట్టెగాళ్లు కూడా మిగిలిన పాత రొట్టెను నానబెట్టి కొత్త పిండిలో కలుపుతారని పై అంతస్తు ఆవిడ చెప్పింది. ఆ పొడి మా తర్వాతి రొట్టెల్లో కొంచెం కొంచెంగా కలిసిపోయింది.

ఆరోగ్యం గురించి ఒక మాట

రైలో పీచు ఎక్కువ. మలబద్ధకం ఉన్నవారికి అది మేలు చేస్తుంది, కడుపు కూడా చాలాసేపు నిండుగా ఉంటుంది. అయితే రై రొట్టె మధుమేహానికి మందు కాదు. ముక్కల లెక్క వైద్యుని సలహాతోనే ఉండాలి. రైలో గ్లూటెన్ ఉంది కనుక గ్లూటెన్ పడని సీలియాక్ వ్యాధి ఉన్నవారు దీనిని తినకూడదు.

ఇక్కడ మన ఊళ్లలో రై పిండి అరుదు, దొరికినా ఖరీదు. దానికోసం వెతుక్కుంటూ తిరగమని మేము చెప్పడం లేదు. మనకు జొన్న ఉంది, సజ్జ ఉంది, రాగి ఉంది. దైవప్రవక్త (స) ఇంట బార్లీ రొట్టె తిన్నారని మనందరికీ తెలుసు. ఏ నేలకు ఏ గింజ దక్కిందో దానిని ఆదరించి, దాని స్వభావం తెలుసుకుని వండుకోవడమే మేలు. విదేశాల్లో ఉన్న మన పిల్లలకు మాత్రం అక్కడి గింజ రై. వాళ్లు దానిని ఇష్టపడితే మన వంట మరిచిపోయారని బాధపడనక్కరలేదు. వేసవిలో ఇక్కడే చేసి చూడదలిచినవారు ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి: మన ఎండకు ఖమీర్ సగం సమయంలోనే పులిసిపోతుంది. గంటలు లెక్కపెట్టకుండా వాసన చూసి నిర్ణయించుకోవాలి.

మూడవ వారంలో కుదిరిన మొదటి రొట్టెను మా శ్రీమతి తన చేత్తో కోసి, చీజ్ పెట్టి, మనవడి డబ్బాలో సర్దింది. సాయంత్రం డబ్బా ఖాళీగా వచ్చింది. "బడిలో నా స్నేహితుడు ఒక ముక్క అడిగాడు దాదీ. మా దాదీ చేసిందని చెప్పాను" అన్నాడు. ఆ రాత్రి ఆమె చుట్టాల మాట ఎత్తలేదు. రేపటికి పిండి నానబెట్టాలని త్వరగా లేచి వంటింట్లోకి వెళ్లింది.

మేము తిరిగి వచ్చేనాటికి కోడలి చేయి కూడా ఆ పిండికి అలవాటుపడింది. ఇప్పటికీ వారానికొకసారి ఫోన్లో, "అమ్మీ, ఈసారి పైన పగుళ్లు ఎక్కువ వచ్చాయి, నీళ్లు తగ్గాయంటారా?" అని అడుగుతుంది. కర్నూలులో కూర్చుని మా శ్రీమతి జవాబు చెబుతుంది. మేము పక్కన కూర్చుని వింటాము. సూచనల పుస్తకం ఎక్కడ పెట్టామో మాకు గుర్తులేదు.